పదును చూసి విత్తే వ్యాపారం



చిన్న వ్యాపారం ఏదో ఒకటి మొదలుపెట్టాలని ఆలోచిస్తున్న వారి కోసం ఈ నాలుగు మాటలు. మీరు పెట్టాలనుకుంటున్నది బొరుగుల బట్టీ కావచ్చు, జొన్నరొట్టెలు చేసి అమ్మే పని కావచ్చు, నాపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ కావచ్చు, రెండు కుట్టు మిషన్లతో టైలరింగ్ షాపు కావచ్చు. ఏదైనా సరే, కర్నూలు, కడప జిల్లాల్లో వ్యాపారం పెట్టేవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. ఇక్కడ కొనేవాళ్ల జేబు వానను బట్టి నిండుతుంది, వానను బట్టి ఖాళీ అవుతుంది. చెనిక్కాయలు పండిన ఏడు దీపావళికి బట్టల కొట్లు కిటకిటలాడతాయి. శనగలు అమ్ముడుపోతే ఉగాదికి ఇంటికి కొత్త సామాను వస్తుంది. వాన తప్పిన ఏడు, కర్నూలు పడమటి పల్లెల్లో ఇళ్లకు తాళాలు వేసి జనం మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోతారు. ఆ ఏడు ఆ ఊళ్లో కిరాణా కొట్టు పెట్టినవాడు ఎవరికి అమ్మాలి? అరువు ఇచ్చినవాడు ఎవరిని అడగాలి?

మరి మనం బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టు చూడండి. మొదటి ఏడు ఇంత అమ్మకం, రెండో ఏడు దానిమీద పది శాతం ఎక్కువ, మూడో ఏడు ఇంకో పది శాతం. అయిదేళ్లూ ఒకే తీరున పెరుగుతూ పోతుంది. అందులో కరువు ఉండదు, ధర పడిపోవడం ఉండదు, ఇంట్లో జబ్బు ఉండదు, కూతురి పెళ్లి ఉండదు. బ్యాంకుకు ఆ కాగితం కావాలి, ఇవ్వండి, తప్పు లేదు. కానీ అదే మన ప్లాన్ అని నమ్మి దిగితేనే ప్రమాదం. మన కోసం మనం వేసుకునే ప్లాన్ వేరుగా ఉండాలి. అందులో బిగించి పెట్టాల్సినవి కొన్ని ఉంటాయి, వదులుగా ఉంచాల్సినవి కొన్ని ఉంటాయి. ఏది ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడమే ఈ రోజు నేను చెప్పదలచుకున్న సంగతి.

ఇది మన మెట్ట రైతుకు కొత్త కాదు. నల్లరేగడి పొలం ఉన్న రైతు ఏం చేస్తాడు? ముంగారు వానకు పదును చిక్కితే ఒక పంట వేస్తాడు. చిక్కకపోతే పొలాన్ని దున్ని పెట్టుకుని, సెప్టెంబరు, అక్టోబరు వానల దాకా ఆగి, హింగారులో శనగో జొన్నో వేస్తాడు. ఎర్ర నేలలో చెనిక్కాయలు వేసే రైతు మధ్యలో కంది సాళ్లు పెడతాడు. కాయ దెబ్బతిన్నా కంది చేతికొస్తుంది. ఏ పంట, ఏ రోజు, ఎంత విస్తీర్ణం అనేవి ఆయన పదును చూసి తేల్చుకుంటాడు. కానీ విత్తనానికి ఎంత ఖర్చు పెట్టగలను, తిండిగింజలు ఎన్ని పక్కన పెట్టాలి అనేవి ముందే తేల్చుకుంటాడు. వాటి జోలికి పోడు. పొలంలో ఇంత జాగ్రత్తగా ఉండే మనమే, టౌనులో షాపు పెట్టేటప్పుడు దీన్ని తలకిందులు చేస్తాం. షాపు అద్దె, మిషన్, అప్పు, బోర్డు అన్నీ మొదటి రోజే బిగించేస్తాం. ఎంత నష్టం దాకా భరిస్తాం, ఎప్పుడు ఆగి లెక్క చూసుకుంటాం అనేవి మాత్రం గాలికి వదిలేస్తాం.

అన్నీ ముందే బిగించేసిన ప్లాన్ ఏమవుతుందో చెప్పే పెద్ద ఉదాహరణ మన నేలమీదే ఉంది. అదే కర్నూలు-కడప కాలువ, మనం కె.సి. కెనాల్ అనేది. ఇవాళ అది ప్రభుత్వ కాలువ. మొదలుపెట్టింది మాత్రం లాభం కోసం పెట్టిన ఒక ప్రైవేటు కంపెనీ. దాని పేరు మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనతో, లండన్ మదుపుదారుల డబ్బుతో వచ్చింది. కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడప దాకా దాదాపు 300 కిలోమీటర్ల కాలువ తవ్వాలి. ఆ కాలువలో పడవలు నడపాలి, నీళ్లు రైతులకు అమ్మాలి. అదీ వ్యాపారం. 1863 నుంచి 1870 దాకా తవ్వకం సాగింది. పది లక్షల పౌండ్ల మూలధనం మీద ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వమే హామీ ఇచ్చింది.

కాలువ వచ్చింది, నీళ్లు వచ్చాయి. రైతులు మాత్రం నీళ్లు కొనలేదు. ఎందుకు కొంటారు? నల్లరేగడిలో జొన్న, పత్తి వానకే పండుతున్నాయి. నీళ్లు పెట్టి వరి వేయాలంటే నేల చదును చేయాలి, గట్లు వేయాలి, ఎరువు కావాలి, ఎద్దులు ఎక్కువ కావాలి. అంత పెట్టుబడి ఎవరి దగ్గరుంది? అనుకున్నంత సరుకు పడవలకూ దొరకలేదు. 1876-78 నాటి మహా కరువులో రైతులు నీళ్ల కోసం వచ్చారు. వానలు తిరిగి పడగానే చాలామంది మళ్లీ మెట్ట సేద్యానికే పోయారు. చివరికి 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనుక్కోవాల్సి వచ్చింది.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆ ఆలోచన చెడ్డది కాదు. ఇవాళ అదే కాలువ కింద 2,65,000 ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. నంద్యాల సోనా బియ్యం తినే ఎన్నో ఇళ్లకు ఆ నీళ్లతో సంబంధం ఉంది. తప్పు జరిగింది వరసలో, పరిమాణంలో. సుంకేసుల నుంచి మొదటి పాతిక, ముప్పై కిలోమీటర్లు తవ్వి, అక్కడి రైతులు నీళ్లు తీసుకుంటారా, తీసుకోకపోతే ఎందుకు తీసుకోవడం లేదు, చదును చేసుకోవడానికి అప్పు ఇస్తే తీసుకుంటారా అని చూసి ఉంటే, ఆ కంపెనీకి మూడు వందల కిలోమీటర్లు తవ్వకముందే జవాబు దొరికేది. వాళ్లు కొనేవాణ్ణి అడగకుండా కాలువంతా తవ్వేశారు. వడ్డీకి ప్రభుత్వ హామీ ఉండటంతో, తప్పు జరుగుతోందని హెచ్చరించే నొప్పి కూడా వాళ్లకు తొందరగా తెలియలేదు.

ఈ చివరి మాట ఇవాళ మనకు మరీ అవసరం. 35 శాతం సబ్సిడీ వస్తుందట అని విని, ఏ మిషన్‌కు వస్తుందో ఆ మిషన్ కొనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. సబ్సిడీ మంచిదే, పేదవాడికి అది పెద్ద ఆసరా. కానీ మిగతా 65 శాతం మనదే. మిషన్ తిరిగినా తిరగకపోయినా దాని వాయిదా మన ఇంటి తలుపు తడుతుంది. కొనేవాళ్లు దొరికాక సబ్సిడీ వెతకండి. సబ్సిడీ దొరికిందని కొనేవాళ్ల కోసం వెతకొద్దు.

వ్యాపారంలో ఆరితేరినవాళ్లు నిజంగా ఎలా ఆలోచిస్తారు? సరస్ సరస్వతి అనే భారతీయ పరిశోధకురాలు అమెరికాలో ఈ ప్రశ్న మీద పని చేశారు. పెద్ద కంపెనీలు స్థాపించి నడిపిన 27 మందికి ఒకే ఊహాజనిత వ్యాపారం ఇచ్చి, మీరైతే ఎలా మొదలుపెడతారో పైకి చెబుతూ ఆలోచించమన్నారు. 2001లో ఆమె ప్రచురించిన వ్యాసాన్ని ప్రపంచమంతటా వ్యాపార విద్యార్థులు చదువుతున్నారు. ఆమె గమనించింది ఇది. అనుభవజ్ఞులు ఎంత లాభం వస్తుందన్న అంచనాతో మొదలుపెట్టరు. నా చేతిలో ఏముంది, నాకు ఏం వచ్చు, నాకు ఎవరు తెలుసు అని చూసుకుంటారు. ఎంత పోయినా తట్టుకోగలను అని లెక్క వేసుకుంటారు. ఆ మేరకే పెడతారు. దారిలో ఎదురైన మనుషులను బట్టి, అవకాశాలను బట్టి వ్యాపారాన్ని మలుచుకుంటారు. మన మెట్ట రైతు తాతల కాలం నుంచి చేస్తున్నదీ ఇదే.

ఇప్పుడు దీన్ని ఒక ఇంటికి అన్వయించి చూద్దాం. ప్రొద్దుటూరులో ఒకామె ఉందనుకుందాం. జొన్నరొట్టెలు బాగా చేస్తుంది, చెనిక్కాయల పొడి కూడా. పొదుపు డబ్బు, దాచుకున్నది కలిపి లక్ష రూపాయలు ఉన్నాయి. బజారులో షాపు చూసింది. అడ్వాన్సు యాభై వేలు. పిండి మిషన్, రొట్టెల మిషన్‌కు అప్పు. బోర్డు, రంగులు, ర్యాకులు కలిపి లక్ష ఎగిరిపోతుంది. మొదటి రొట్టె అమ్మకముందే ఆమె చేతిలో చిల్లిగవ్వ ఉండదు. షాపు ముందు ఎవరూ ఆగకపోతే మార్చుకోవడానికి ఏమీ మిగలదు.

అదే ఆమె ఇంకో రకంగా మొదలుపెట్టవచ్చు. లక్షలో యాభై వేలు అసలు ముట్టుకోను అని పక్కన పెడుతుంది. అది ఇంటి తిండి, పిల్లల ఫీజు. మిగతా యాభైలో ఇరవై వేలు మొదటి విడత. దసరా నుంచి సంక్రాంతి దాకా గడువు. పిండి వీధిలోని గిర్నీలో పట్టిస్తుంది. వంటింట్లోనే కాలుస్తుంది. మొదట రెండు మెస్సులకు, ఒక హాస్టలుకు, తెలిసిన పది ఇళ్లకు ఇచ్చి చూస్తుంది. నెల తిరిగేసరికి కొన్ని సంగతులు తెలుస్తాయి. మెస్సు వాళ్లు రొట్టెలు రోజూ తీసుకుంటున్నారు కానీ డబ్బు నెలకోసారి ఇస్తున్నారు. షుగర్ ఉన్న పెద్దవాళ్లు రోజూ నాలుగు రొట్టెలు అడుగుతున్నారు, చేతిలో డబ్బు పెట్టి తీసుకుపోతున్నారు. బెంగళూరు, హైదరాబాదు పోయే పిల్లలు ఎండు రొట్టెలు, పొడి కట్టించుకుంటున్నారు. పండగకు ఓళిగలు చేసిస్తావా అని నలుగురు అడిగారు. షాపు పెట్టి ఉంటే ఇవన్నీ తెలియడానికి ఆరు నెలలు పట్టేది, అప్పటికి డబ్బు అయిపోయేది. ఇప్పుడు సంక్రాంతికి ఆమె కూర్చుని లెక్క చూసుకుని, రెండో విడత ఇరవై వేలు ఎక్కడ పెట్టాలో తెలిసి పెడుతుంది. షాపు కావాలా అక్కర్లేదా అప్పుడు తేల్చుకుంటుంది.

ఇక ధరల సంగతి. 2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటింది. సెప్టెంబరు వచ్చేసరికి మన రాయలసీమ మార్కెట్లలోనే కిలోకు కొద్ది రూపాయలు పలికి, రైతులు రోడ్డు పక్కన పారబోశారు. పత్తికొండ వైపు వాళ్లకు ఈ బాధ దాదాపు ఏటా తెలిసిందే. కర్నూలు ఉల్లి మార్కెట్టూ అంతే. అలాంటి చోట టమాటా పచ్చడి ఒక్కటే నమ్ముకుని, ఒక్క ధర రాసుకుని ప్లాన్ వేస్తే అది నిలవదు. అందుకే సామాను కొనేటప్పుడు ఒకటికి నాలుగు పనులు చేసేది కొనండి. ఎండబెట్టే సోలార్ డ్రయ్యరు ఉందంటే, టమాటా చౌకగా ఉన్నప్పుడు టమాటా, ఉల్లి చౌకగా ఉన్నప్పుడు ఉల్లి, రెండూ ప్రియమైతే కరివేపాకో మునగాకో ఎండబెట్టవచ్చు. కర్నూలు జిల్లాలో మహిళా సంఘాల వాళ్లు ఉల్లి, టమాటా ముక్కలు ఎండబెట్టి అమ్మే పని మొదలుపెట్టారు. ధర పడిన రోజు అందరూ నష్టపోతుంటే, ఆ రోజే వాళ్లకు ముడిసరుకు అందుబాటులోకి వస్తుంది. మన ప్రాంతానికి ఇలాంటి వ్యాపారాలు కావాలి.

నాపరాళ్ల పరిశ్రమ ఇంకో పాఠం చెబుతుంది. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలు బండలు తీసి, కోసి, పాలిష్ పట్టి బతికాయి. ఒకప్పుడు ఊళ్లో ఇల్లు కడితే కింద నాపరాయి తప్ప ఇంకోటి ఉండేది కాదు. తర్వాత గుజరాత్‌లోని మోర్బీ నుంచి మెరిసే టైల్స్ వచ్చాయి. ఇంటి లోపలి గచ్చు అంతా వాటిదైంది. గచ్చు బండ ఒక్కటే మా సరుకు అని కూర్చున్న ఫ్యాక్టరీలకు గడ్డుకాలం వచ్చింది. కానీ రాయికి విలువ పోలేదు. మహారాష్ట్ర ఇళ్లలో వంటింటి గట్టుకు నల్ల బండను ఇప్పటికీ కడప్పా అనే పేరుతో అడిగి కొంటారు. షెల్ఫులు, మెట్లు, ఆవరణలో పరిచే బండలు, తోటల్లో నడక దారులు, పొలం కంచె రాళ్లు, ఇలా ఎండకూ వానకూ తట్టుకునేది కావాల్సిన చోట నాపరాయి గట్టిగానే నిలబడుతుంది. ఈ పనిలోకి కొత్తగా దిగేవాళ్లు ఒకే సైజు కోసే ఏర్పాటు కన్నా, ఆర్డరును బట్టి కోయగల ఏర్పాటు చూసుకోవాలి. మొదటి ఆర్డరు చేతిలో పడ్డాకే రెండో మిషన్ గురించి ఆలోచించాలి.

అప్పు తీసుకోవాల్సి వస్తే అదీ మెట్లుమెట్లుగా తీసుకోవచ్చు. 2015 ఏప్రిల్‌లో వచ్చిన ముద్ర రుణాల్లో శిశు కింద 50,000 రూపాయల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా, తరుణ్ కింద 10 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. ఆ మెట్లు ఉన్నదే ఎక్కడానికి. మొదటి మెట్టు తీర్చి చూపిస్తే రెండో మెట్టు అడగడానికి మీకు నోరుంటుంది. బ్యాంకులో రెండు విషయాలు తప్పకుండా అడగండి. వాయిదాలు మొదలయ్యే ముందు ఎన్ని నెలల వెసులుబాటు ఇస్తారు? మిషన్ కోసం ఇచ్చే టర్మ్ లోనుతో పాటు, సరుకు కొనుక్కోవడానికి వర్కింగ్ క్యాపిటల్ ఎంత ఇస్తారు? చిన్న వ్యాపారాలు చాలావరకు మిషన్ లేక మూతపడవు, సరుకు కొనడానికి చేతిలో డబ్బు లేక మూతపడతాయి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం రూపాయి కూడా తీసుకోదు. ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వొద్దు. తినే సరుకు అమ్మేవాళ్లు ఆహార భద్రత రిజిస్ట్రేషన్ మొదటి రోజే చేయించుకోండి. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో భోజనం, వసతితో ఉచితంగా పని నేర్పిస్తారు. డబ్బు పెట్టకముందే ఆ పని మీకు నచ్చుతుందో లేదో అక్కడ తేలిపోతుంది. అదీ పెద్ద లాభమే.

చిన్నగా మొదలుపెడితే చిన్నగానే ఉండిపోతామేమో అని భయపడేవాళ్లు కర్నూలు పక్కనే ఉన్న ఓర్వకల్లు వైపు చూడండి. 1990ల మధ్యలో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఆసరాతో అక్కడి ఆడవాళ్లు రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. విజయభారతి గారు ఆ ఉద్యమానికి దారి చూపారు. ఓర్వకల్లు మండల పొదుపులక్ష్మి ఐక్య సంఘం వేలమంది మహిళల సంస్థ అయింది. పొదుపుతో మొదలై అప్పులిచ్చుకోవడం, దాని నుంచి జీవనోపాధి పనులు, తర్వాత బాలభారతి పాఠశాల దాకా నడిచింది. రూపాయి దాచుకున్న మొదటి రోజున బడి కడతామని ఎవరూ కాగితం మీద రాసుకోలేదు. కానీ రూపాయి ఎగ్గొట్టకూడదు, సమావేశం మానకూడదు, లెక్క అందరి ముందు చదవాలి అనే నియమాలను గట్టిగా పట్టుకున్నారు. దారిని అవసరాన్ని బట్టి మార్చుకున్నారు, నియమాన్ని మార్చలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. వదులుగా ఉండటమంటే నిలకడ లేకపోవడం కాదు. ఈ నెల చీరలు, వచ్చే నెల కోళ్లు, ఆపై నెల సెల్‌ఫోన్ రిపేరు అని తిరిగితే ఏ పనీ చేతికి అబ్బదు, ఏ గిరాకీ మనల్ని నమ్మదు. మార్పు మనసుకు తోచినప్పుడు రాకూడదు, లెక్క చెప్పినప్పుడు రావాలి. అందుకు రోజూ రాసే లెక్కల పుస్తకం కావాలి. ఇంటి డబ్బు, వ్యాపారం డబ్బు వేరువేరుగా ఉండాలి. మన శ్రమకు కూలి కట్టుకోవాలి. ఇంటి ఆడవాళ్ల కూలి లెక్కలో వేయకుండా లాభం వచ్చిందని మురిసిపోయే వ్యాపారాలు మన దగ్గర చాలా ఉన్నాయి. అది లాభం కాదు, వాళ్ల కష్టం. అరువుకు హద్దు పెట్టుకోవాలి. వాన తప్పిన ఏడు అరువు వసూలు కాదని ముందే తెలుసు కాబట్టి, మొత్తం సరుకులో ఎంత భాగం దాకా అరువు ఇస్తామో రాసుకోవాలి. ఆ హద్దు దాటితే చుట్టమైనా, పక్కింటివాడైనా మర్యాదగా కాదనాలి.

అందుకే మీకు నా మనవి ఇది. షాపుకు అడ్వాన్సు ఇవ్వకముందు, మిషన్‌కు ఆర్డరు పెట్టకముందు, బ్యాంకులో సంతకం చేయకముందు, ఇంట్లో అందరూ కూర్చుని ఒక కాగితం మీద అయిదు విషయాలు రాయండి. ఎంత పోయినా మా ఇల్లు నిలబడుతుంది? మొదటి విడతలో ఎంత పెడతాం? ఏ తేదీన కూర్చుని లెక్క చూస్తాం? ఏం జరిగితే కొనసాగిస్తాం, ఏం జరిగితే దారి మారుస్తాం, ఏం జరిగితే ఆపేస్తాం? అడగకుండానే డబ్బు ఇచ్చి కొనేవాళ్లు ఇప్పటికి ఎంతమంది దొరికారు? ఈ అయిదింటికీ పెన్నుతో జవాబు రాయండి, మార్చొద్దు. సరుకు ఏమిటి, షాపు ఎక్కడ, ఎంత పెద్దది, ఏ పేరు అనేవి పెన్సిల్‌తో రాయండి, అవసరమైతే చెరిపి రాసుకోవచ్చు. మన నేలలో వ్యాపారం పెట్టడానికి ధైర్యం చాలామందికి ఉంది. ఆ ధైర్యానికి ఈ ఒక్క కాగితం తోడు చేసుకోండి. అయిదింటికీ జవాబులు దొరికితే రేపే మొదలుపెట్టండి. దొరకకపోతే, దొరికిందాకా చెయ్యి బిగపట్టండి.